గుండె ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గించే నరాల బ్లాక్: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను మత్తు డాక్టర్‌ని. సొంతూరు టెక్కలి దగ్గర, పని విశాఖలో గుండె ఆపరేషన్ థియేటర్‌లో. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బైపాస్‌కో, కవాటం మార్పించుకోవడానికో వచ్చేవాళ్లు అడిగే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. సెలవుకి ఊరెళ్తే అరుగు మీద, ఫోన్‌లో, పెళ్లి భోజనాల దగ్గర కూడా అవే. అందుకే ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. మందు ఏది, ఎంత అన్నది మాత్రం మిమ్మల్ని చూసిన డాక్టర్ రాసిన చీటీ ప్రకారమే.

## ఆపరేషన్ ఖాయమయ్యాక

గుండెలో బ్లాకులున్నాయనే కదా ఆపరేషన్, మళ్లీ బ్లాక్ వేయడమేంటి?

పేరు ఒకటే, సంగతి వేరు. గుండె రక్తనాళం పూడుకుపోతే దాన్ని బ్లాక్ అంటున్నాం. మేం వేసే బ్లాక్ నరానికి. ఛాతీ గోడ నుంచి మెదడుకి నొప్పి కబురు మోసుకెళ్లే నరాల పక్కన మొద్దుబారే మందు పోస్తాం. పన్ను పీకే ముందు చిగురుకి వేసే ఇంజెక్షన్ లాంటిదే, చోటు మారింది అంతే. మందు ప్రభావం పోగానే స్పర్శ తిరిగొస్తుంది.

ఈ ఆపరేషన్‌లో అంత నొప్పి ఎక్కడి నుంచి వస్తుంది?

చాలామంది గుండెలోంచి అనుకుంటారు. నిజానికి నొప్పంతా దాని చుట్టూ ఉన్న గోడది. రొమ్ము మధ్య ఎముకను నిలువునా కోసి, రెండు వైపులకూ తెరిచి, పని అయ్యాక స్టీలు తీగలతో బిగిస్తారు. తెరిచి ఉంచిన ఆ గంటల్లో పక్కటెముకలు, వెనక కీళ్లు లాగబడతాయి. బైపాస్ అయితే ఎముక వెనక నుంచి ఒక ధమనిని, తరచుగా కాలి నుంచి ఒక సిరను తీసుకుంటారు కాబట్టి అక్కడా గాయమే. రక్తం, నీరు బయటికి రావడానికి పెట్టిన పైపులు ఊపిరి తీసిన ప్రతిసారీ గుచ్చుతాయి. మొదటి రెండు రోజుల్లో ఎముక కన్నా ఈ పైపులనే తిట్టుకునేవాళ్లు చాలామంది. ఇన్ని చోట్ల నుంచి వచ్చే నొప్పిని ఒక్క ఇంజెక్షన్ ఆపలేదు.

మత్తు ఇస్తారు కదా, దాంతో సరిపోదా?

మత్తు ఆపరేషన్ అయ్యేదాకే. నొప్పి అసలు పని మొదలుపెట్టేది మెలకువ వచ్చాక. ఇదివరకు ఫెంటానిల్, మార్ఫిన్ లాంటి గట్టి మందుల మీదే పూర్తిగా ఆధారపడేవాళ్లం. అవి నొప్పిని తగ్గిస్తాయి, కానీ ఎక్కువైతే మనిషి మగతగా పడుంటాడు, ఊపిరి మందగిస్తుంది, వాంతులు, మలబద్ధకం వస్తాయి, పెద్ద వయసువాళ్లు రాత్రిపూట ఏదేదో మాట్లాడతారు. బ్లాక్ వేస్తే ఆ మందులు తక్కువతో సరిపెట్టొచ్చు. పూర్తిగా మానేయొచ్చని మాత్రం అనుకోకండి.

వెన్నులో సూది వేస్తే జీవితాంతం నడుం నొప్పి వస్తుందంట కదా?

కాన్పు ఆపరేషన్‌కి నడుములో ఇచ్చే మత్తును దృష్టిలో పెట్టుకుని అడిగే ప్రశ్న ఇది. ఆ మత్తు వల్ల కూడా ఏళ్ల తరబడి నడుం నొప్పి రాదు, అది వేరే కథ. గుండె ఆపరేషన్‌కి వెన్ను వైపు నుంచి వేసే బ్లాక్‌లో సూది వెన్నుపాము ఉన్న గొట్టంలోకి వెళ్లదు. వెన్నుపూసకు పక్కగా పొడుచుకొచ్చిన ఎముక మీద, కండరం కింద పొరలో మందు పోస్తాం. ఈ పద్ధతిని వైద్య పత్రికల్లో మొదట వివరించింది 2016లో, అంటే కొత్తదే.

వెన్నుపాము పొర దాకా వెళ్లే ఎపిడ్యూరల్ అనే పాత పద్ధతి నొప్పిని బాగా ఆపుతుంది. కానీ గుండెను ఆపి దాని పనిని మెషీన్ మీద పెట్టేటప్పుడు రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ చాలా ఎక్కువగా ఇస్తాం. ఆ సమయంలో వెన్నులో రక్తం చేరితే కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. అది అరుదే, అయినా ఆ భయంతోనే చాలా చోట్ల కండరాల పొరల్లో వేసే బ్లాకుల వైపు మళ్లారు.

రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నాం, ఆపేయాలా?

సొంతంగా ఒక్కటీ ఆపకండి. క్లోపిడోగ్రెల్‌ని మామూలుగా ఆపరేషన్‌కి 5 రోజుల ముందు ఆపిస్తారు, ఆస్పిరిన్ చాలామందికి కొనసాగిస్తారు. స్టెంట్ వేసి ఎక్కువ కాలం కాకపోతే లెక్క మారిపోతుంది. చివరి మాత్ర ఏ రోజు వేసుకున్నారో కాగితం మీద రాసి తీసుకురండి. మాకు అదే పెద్ద సాయం.

మా అమ్మ అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం) మానలేదు. నొప్పికీ దానికీ సంబంధం ఏంటి?

దగ్గు. పొగ తాగినవాళ్ల ఊపిరితిత్తుల్లో కఫం ఎక్కువ. కోసిన ఎముకతో దగ్గడం ఎంత నరకమో వాళ్లకి రెట్టింపుగా తెలుస్తుంది. చుట్ట ఏ వైపు నుంచి కాల్చినా పొగ పొగే. కనీసం నాలుగు వారాల ముందు మానితే మంచిది, అంత వ్యవధి లేకపోతే ఈ రోజే మానేయండి. మా తీరపు ఊళ్లలో పెద్దావిడలు ఈ సంగతి డాక్టర్ ముందు సిగ్గుపడి దాచేస్తారు. కొడుకులు, కోడళ్లు పక్కకి పిలిచి చెప్పినా చాలు.

ముందురోజు మత్తు డాక్టర్‌కి ఏం చెప్పాలి?

కిడ్నీ సమస్య, షుగర్, రోజూ మందు తాగే అలవాటు, మోకాళ్ల నొప్పులకి ఏళ్లుగా మింగుతున్న మాత్రలు, ఇంతకు ముందు ఏ ఇంజెక్షన్ పడకపోయినా ఆ సంగతి. పళ్ల డాక్టర్ దగ్గర ఇంజెక్షన్ వేయగానే గుండె దడదడలాడిందని కొందరు చెప్తారు. అది చాలాసార్లు ఆ మందులో కలిపే అడ్రినలిన్ వల్ల, ఎలర్జీ కాదు. అయినా చెప్పండి, తేల్చుకోవడం మా పని.

## థియేటర్‌లో

బ్లాక్ ఎప్పుడు వేస్తారు? మెలకువగా ఉన్నప్పుడేనా?

ఎక్కువ మందికి పూర్తి మత్తులోనే, కోత పెట్టే ముందో, అంతా అయి కుట్లు వేశాకో వేస్తాం. మీకు సూది గుచ్చుకున్నట్టు కూడా తెలియదు. అల్ట్రాసౌండ్ స్కాన్‌లో పొరలు, పక్కటెముక, దాని కింద కదులుతున్న ఊపిరితిత్తి కనిపిస్తుంటే సూది కొసను కళ్లతో చూస్తూ వేస్తాం. వెన్ను వైపు బ్లాక్‌ని కొందరు డాక్టర్లు మత్తుకి ముందే, కూర్చోబెట్టి వేస్తారు.

పక్క బెడ్ ఆయనకి రొమ్ము దగ్గర వేశారు, మాకు వీపులో వేశారు. ఎందుకు తేడా?

కోత ఎక్కడ అన్నదాన్ని బట్టి. మధ్య ఎముక కోస్తే, ఆ ఎముకకు రెండు పక్కలా, పక్కటెముకల మధ్య నుంచి వచ్చే నరాల కొసలను పట్టుకోవాలి. ముఖ్యంగా రెండో దాని నుంచి ఆరో దాని వరకు. అది రొమ్ము ముందు నుంచీ చేయొచ్చు, వీపు నుంచీ చేయొచ్చు. పక్కన చిన్న కోతతో చేసే ఆపరేషన్ అయితే చంక కింద పక్కటెముకల మీద వేసే బ్లాక్ నప్పుతుంది.

ఇంకో చిక్కుంది. రొమ్ము ముందు వేసే బ్లాక్‌లో పై పొర, లోపలి పొర అని రెండు రకాలు. బైపాస్‌కి వాడే ధమని సరిగ్గా ఆ లోపలి పొరలోనే నడుస్తుంది. దాన్ని తీశాక ఆ పొర చెదిరిపోతుంది, మందు అక్కడ నిలవదు. అందుకే ఆ ధమని తీసినవాళ్లకి నేను పై పొరకే మొగ్గు చూపుతాను. మధ్య ఎముక కోసినవాళ్లకి ఏ బ్లాక్ అయినా రెండు వైపులా వేయాలి, ఎముక మధ్యలో ఉంది కాబట్టి.

మందు కాస్త ఎక్కువ పోస్తే ఎక్కువసేపు పని చేస్తుంది కదా?

అన్నం కుండలా ఎంతైనా నింపేది కాదు ఇది. మొద్దుబారే మందు రక్తంలో హద్దు దాటితే పెదాల చుట్టూ జివ్వుమంటుంది, నోట్లో ఇనుము రుచి, చెవుల్లో హోరు, ఆ తర్వాత ఫిట్స్, గుండె లయ తప్పడం దాకా వెళ్లొచ్చు. మత్తులో ఉన్న మనిషి మొదటి లక్షణాలు చెప్పలేడు కూడా. అందుకే బరువును బట్టి లెక్క. రోపివకైన్ అయితే కిలోకి సుమారు 3 మిల్లీగ్రాములు పై హద్దుగా పెట్టుకుంటాం. 45 కిలోల మనిషికి 135 మిల్లీగ్రాములు, రెండు వైపులకీ కలిపి. మన పల్లెల నుంచి వచ్చే బక్కపలచటి పెద్దవాళ్లకి పుస్తకంలో రాసిన మిల్లీలీటర్లు అలాగే పోసేస్తే తప్పవుతుంది. విరుగుడుగా 20 శాతం కొవ్వు ద్రావణం థియేటర్‌లో సిద్ధంగా ఉంచుకుంటాం.

ఎక్కువసేపు పని చేయించడానికి వేరే దారులున్నాయి. డెక్సామెథాసోన్, డెక్స్‌మెడిటోమిడిన్ లాంటివి కొద్దిగా కలపొచ్చు. మొదటిది షుగర్‌ని పెంచుతుంది, రెండోది గుండె వేగాన్ని తగ్గిస్తుంది, కాబట్టి మనిషిని చూసి కలపాలి. లేదా వెంట్రుకలాంటి సన్నని గొట్టాన్ని ఆ పొరలోనే వదిలి రెండు మూడు రోజులు మందు ఇవ్వొచ్చు. చుక్కచుక్కగా వదలడం కన్నా కొన్ని గంటలకోసారి కొంత మందు ఒక్కసారిగా తోస్తే పొరలో బాగా పరుచుకుంటుందని నా నమ్మకం.

ప్రమాదం ఏమీ లేదా?

ఏమీ లేదని ఎవరైనా అంటే నమ్మకండి. సూది గుచ్చిన చోట రక్తం గూడు కట్టడం, ఊపిరితిత్తికి సూది తగలడం, మందు రక్తంలో ఎక్కువవడం జరగొచ్చు. స్కాన్‌లో చూస్తూ, లెక్క ప్రకారం వేస్తే ఇవి అరుదు.

## ఐసీయూలో

బ్లాక్ వేశామన్నారు, అయినా నొప్పి అంటున్నారు. ఫెయిలైందా?

ముందు ఎక్కడ నొప్పో వేలు పెట్టి చూపించమనండి. ఎముక మధ్యలో కోత మీదే నొప్పి అంటే మందు ఒక పక్క సరిగ్గా పరుచుకోలేదేమో, డాక్టర్ మళ్లీ చూడాలి. పొట్ట పైభాగంలో, పైపులు బయటికొచ్చే చోట నొప్పి అంటే అది ఫెయిలవడం కాదు. ఆ చోటు నరాలు ఇంకా కిందివి, రొమ్ము బ్లాక్ అక్కడిదాకా అందదు. పొట్ట కండరం పొరలో ఇంకో చిన్న బ్లాక్ వేస్తే దానికి ఉపశమనం దొరుకుతుంది. సిర తీసిన కాలు నొప్పి అంటే దానికి తొడ దగ్గర వేరే బ్లాక్ ఉంది. గొంతు నొప్పి అంటే ఊపిరి గొట్టం వల్ల, రెండు మూడు రోజుల్లో పోతుంది. 'నొప్పిగా ఉంది' అన్న ఒక్క మాటకి ఇన్ని అర్థాలున్నాయి. చోటు తెలిస్తే సగం వైద్యం అయిపోయినట్టే.

నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంత అని అడుగుతున్నారు. మా నాన్నకి అది అర్థం కావట్లేదు.

నాక్కూడా ఆ ప్రశ్న మీద నమ్మకం తగ్గింది. మా పెదనాన్నకి బైపాస్ అయినప్పుడు నేను వేరే ఊళ్లో ఉన్నాను. నర్సమ్మ ఎప్పుడు అడిగినా ఆయన జవాబు ఒకటే: "ఏటీ నేదమ్మా, బాగానే ఉంది." చార్టులో వరసగా సున్నాలు. కదలకుండా, దగ్గకుండా, పైపై ఊపిరి తీస్తూ పడుకుంటే ఎవరికైనా బాగానే ఉంటుంది మరి. మూడో రోజుకి కఫం పేరుకుని, జ్వరం వచ్చి, ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుపోయింది. వార్డుకి వచ్చిన మనిషి మళ్లీ ఐసీయూకి వెళ్లాడు. ఎండలో కోతలు కోసిన మనిషి, ఓర్చుకోవడం మగతనం అనుకున్నాడు. ఎవరూ ఆయన్ని ఒక్కసారి దగ్గి చూపించమనలేదు.

అప్పటి నుంచి నేను అడిగే తీరు మార్చుకున్నాను. "గట్టిగా ఊపిరి పీల్చండి, ఒకసారి దగ్గండి, ఇప్పుడు రూపాయికి ఎన్ని అణాల నొప్పి?" పెద్దవాళ్లు టక్కున చెప్పేస్తారు. దగ్గినప్పుడు నాలుగైదు అణాలైతే పర్వాలేదు. ఎనిమిది దాటితే మందు పెంచుతాం. అసలు దగ్గడానికే భయపడితే పదహారణాల కిందే లెక్క, నోటితో ఏమన్నా సరే.

సాయంత్రం దాకా హాయిగా ఉన్నారు, అర్ధరాత్రి ఒక్కసారిగా నొప్పి మొదలైంది. ఎందుకు?

బ్లాక్ మందు అయిపోయింది. ఒకసారి వేసిన ఇంజెక్షన్ చాలామందిలో 8 నుంచి 12 గంటలు, కొందరిలో ఇంకాస్త ఎక్కువ పని చేస్తుంది. పొద్దున్న ఆపరేషన్ అయితే అది దిగేది సరిగ్గా రాత్రి, మనుషులు తక్కువగా ఉండే వేళలో. స్పర్శ తిరిగొచ్చేలోగా పారాసిటమాల్ లాంటి మందులు ఒంట్లో ఉండాలి. నొప్పి ఎక్కాక దాన్ని కిందికి దించడం, ఎక్కకుండా ఆపడం కన్నా చాలా కష్టం. బాగా వేసిన బ్లాక్ పేరు కూడా ఎక్కువగా చెడేది ఈ అప్పగింత దగ్గరే. మీరు చేయగలిగింది: బ్లాక్ ఎన్ని గంటలకి వేశారో అడిగి తెలుసుకోండి, సాయంత్రం డ్యూటీ మారేటప్పుడు నర్సుకి ఆ టైం గుర్తు చేయండి. ఎవరూ ఏమీ అనుకోరు.

నొప్పి తెలియకపోతే గుండెపోటు వచ్చినా తెలియదేమో?

బ్లాక్ మొద్దుబార్చేది తోలు, కండ, ఎముకలని. గుండె నొప్పి కబురు వేరే నరాల దారిలో వెళ్తుంది. పైగా ఐసీయూలో గుండెని నొప్పిని బట్టి కాదు, తెర మీద ఈసీజీ, బీపీ, రక్త పరీక్షలను బట్టి కనిపెడతారు.

ఛాతీకి వేడి కాపడం పెట్టొచ్చా?

వద్దు. మొద్దుబారిన తోలుకి వేడి తెలియదు, కాలి బొబ్బలెక్కాక గానీ బయటపడదు. ఇంటి నుంచి వేడి నీళ్ల సంచి తెచ్చే అత్తలకి ముందే చెప్పి ఉంచండి.

## వార్డులో

దగ్గితే ఎముక విడిపోతుందేమోనని భయం.

స్టీలు తీగలు దగ్గుకి తెగేవి కావు. చిన్న దిండునో, మడతపెట్టిన తువ్వాలునో రొమ్ముకి గట్టిగా హత్తుకుని దగ్గండి. ఊపిరి కసరత్తుకి ఇచ్చే మూడు బంతుల మెషీన్‌ని మెలకువగా ఉన్నప్పుడల్లా గంటకి పది సార్లు పీల్చండి. ఊదడం కాదు, పీల్చడం. దాదాపు అందరూ మొదట ఊదుతారు. నొప్పి మందు వేసుకున్న అరగంట, ముప్పావుగంటకి ఈ పనులు పెట్టుకుంటే సులువు.

భుజాలు, వీపు పీకుతున్నాయి. దీనికి బ్లాక్ పని చేయదా?

ఎముకను తెరిచి ఉంచడం వల్ల, గంటల తరబడి ఒకే భంగిమలో పడుకోబెట్టడం వల్ల వచ్చేది ఇది. రొమ్ము బ్లాక్ అక్కడికి అందదు. కుర్చీలో కూర్చోవడం, భుజాలు నెమ్మదిగా తిప్పడం, నడవడం దీనికి మందులు.

అడిగి మరీ నొప్పి మందు వేయించుకుంటే అలవాటైపోతుందా?

నాలుగైదు రోజులు డాక్టర్ పర్యవేక్షణలో వాడితే ఆ భయం అక్కర్లేదు. ట్రమడాల్ లాంటివి ఇంటికి రాసిస్తే రోజుల లెక్క అడిగి, అది దాటాక మానేయండి. మలబద్ధకం వస్తే ముక్కకండి, విరేచనం మెత్తబడే మందు అడగండి.

## ఇంటికొచ్చాక

విశాఖ నుంచి ఊరికి కారులో వెళ్లేటప్పుడు ఏం జాగ్రత్త?

శ్రీకాకుళం దాకా సుమారు వంద కిలోమీటర్లు. హైవే బాగానే ఉంటుంది. అసలు పరీక్ష లోపలి రోడ్ల స్పీడ్ బ్రేకర్ల దగ్గర. బయల్దేరడానికి ముప్పావుగంట ముందు చీటీలో ఉన్న నొప్పి మాత్ర వేసుకోండి. రొమ్ము మీద తువ్వాలు మడిచి పెట్టుకుని దాని మీదుగా సీటు బెల్టు పెట్టుకోండి, మానేయకండి. దారిలో ఒకసారి ఆపి నాలుగడుగులు నడవండి. ఆటో వద్దు.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి ఇంజెక్షన్ చేయించుకోవచ్చా?

ఈ ఒక్క జవాబు చదివి మిగతావి వదిలేసినా నాకు సంతోషమే. ఊళ్లో నొప్పి ఇంజెక్షన్ అంటే ఎక్కువగా డైక్లోఫెనాక్. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేది అసెక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిపిన మాత్ర. ఇలాంటి మందులు బైపాస్ అయిన కొత్తలో గుండెపోటు, పక్షవాతం ముప్పును పెంచుతాయి. 2005లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందులకి బైపాస్ రోగుల గురించి ప్రత్యేక హెచ్చరిక పెట్టించింది. రెండోది కిడ్నీ. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంటింటి కథ. కారణం ఏదైనా, అప్పటికే బలహీనపడిన కిడ్నీకి గుండె ఆపరేషన్ ఒక దెబ్బ, ఈ ఇంజెక్షన్ రెండో దెబ్బ. మూడోది, కొత్త కవాటం పెట్టించుకుని రక్తం పల్చబడే అసిట్రోమ్‌లాంటి మాత్ర వాడేవాళ్లకి కడుపులో రక్తస్రావం.

పారాసిటమాల్ వీటన్నిటికన్నా మేలు, దానికీ హద్దుంది. పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు, బక్కగా ఉన్నవాళ్లకి, లివర్ సమస్య ఉన్నవాళ్లకి అంతకన్నా తక్కువే. జలుబు మాత్రల్లో కూడా అదే ఉంటుందని మర్చిపోకండి. అసిట్రోమ్ వాడుతూ రోజూ పారాసిటమాల్ వేసుకుంటుంటే ఐఎన్ఆర్ (రక్తం ఎంత పల్చబడిందో చూసే) పరీక్ష చేసే డాక్టర్‌కి చెప్పండి.

వంకాయ తింటే కుట్లు చీము పడతాయా?

పడవు. షుగర్ అదుపులో లేకపోతే పడతాయి.

నీళ్ల బిందె ఎప్పటి నుంచి ఎత్తొచ్చు? బండి ఎప్పుడు నడపొచ్చు?

ఎముక అతుక్కోవడానికి 6 నుంచి 8 వారాలు, పూర్తిగా గట్టిపడడానికి మూడు నెలల దాకా పడుతుంది. అప్పటిదాకా నాలుగైదు కిలోలకి మించి ఎత్తకండి. నిండు బిందె దానికి మూడింతలు. నొప్పి లేదు కదా అని పొలంలో పార పట్టినవాళ్లని చూశాను. నొప్పి తగ్గడం, ఎముక అతకడం ఒకటి కాదు. బండి కూడా సర్జన్ సరే అన్నాకే.

ఏ నొప్పికి ఆగకుండా 108కి ఫోన్ చేయాలి?

కోత మీద కాకుండా గుండెలో బరువుగా, పిసికినట్టు కొత్తగా వచ్చే నొప్పి, చెమటలు, ఆయాసం, స్పృహ తప్పడం ఉంటే వెంటనే. ఎముక కదిలినట్టు టకటకమన్నా, కోత నుంచి చీము కారినా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా అదే రోజు ఆపరేషన్ చేసిన డాక్టర్‌తో మాట్లాడండి.

మూడు నెలలైంది, రొమ్ము ఎడమ పక్క ఇంకా మొద్దుగా ఉంది, చొక్కా తగిలితే మంట. బ్లాక్ మందు దిగలేదా?

బ్లాక్ మందు ఆ మర్నాటికే పోయి ఉంటుంది. ఇది ఎముక వెనక ధమని తీసేటప్పుడు అక్కడి సన్నని నరాలకి తగిలిన దెబ్బ. చాలామందిలో నెలల మీద మెల్లగా తగ్గుతుంది. మంట నిద్ర చెడగొడుతుంటే మాత్రం మామూలు నొప్పి మాత్రలు మింగుతూ కూర్చోకండి. నరాల నొప్పికి వేరే మందులున్నాయి, అవి కిడ్నీ పనితీరు చూసి మోతాదు కట్టాల్సినవి. తర్వాతి చెకప్‌కి వెళ్లినప్పుడు చొక్కా విప్పి, మంట ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో వేలితో గీసి చూపించండి.